గడప దాకా వచ్చిన వేగం

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)

ఈపాటికి భోజనాలయి, వంటిల్లు సర్దుకుని, కాస్సేపు నడుం వాల్చుదామా అని చూస్తూ వుంటారు. ఒక్క పావుగంట ఆగండి. ఇవాళ నేను చెప్పబోయేది ఊరగాయల గురించి కాదు, పట్టుచీరల మీద మరకల గురించీ కాదు. మన ఇంట్లో వీధి తలుపు పక్కన, సున్నం కింద సగం పూడిపోయి, ఎవరూ పట్టించుకోని ఓ చిన్న తెల్ల డబ్బా వుంటుంది చూడండి. టెలిఫోను వాళ్ళు ఏనాడో బిగించి వెళ్ళింది. దాన్ని రోజెట్ అంటారు. ఇంటర్నెట్టు నత్తలా నడుస్తోందని మనం పడే విసుగు చాలా ఇళ్ళల్లో ఆ డబ్బా దగ్గరే మొదలవుతుందని నాకు 2020లో తెలిసింది. తెలిసేసరికి మా ఇంట్లో కొంత నష్టం జరిగిపోయింది.

మాది పెదవాల్తేరు. రాత్రిపూట సముద్రపు హోరు వినిపించేటంత దూరంలో మా మామగారు కట్టించిన పాత డాబా ఇల్లు. ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజులు మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే వుంటాయి. మా ఇంటికి 1992లో వచ్చింది. వచ్చిన రోజున వీధిలో నలుగురినీ పిలిచి కాఫీలిచ్చాం. హాల్లో టీపాయి మీద పెట్టి, పైన కుట్టుపని చేసిన గుడ్డ కప్పేవాళ్ళం.

అది హాల్లో మోగడం, నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ పరిగెత్తడం, ఇక్కడ పోపు మాడడం, అక్కడ గంట ఆగిపోవడం. ఐదేళ్ళు ఇదే వరస. చివరికి 1997లో మావారి వెంటపడి వంటింట్లో కూడా ఒక ఫోను పెట్టించుకున్నాను. హాల్లో డబ్బాలోంచే ఇంకో జత తీగ లాగి, బయట గోడ చుట్టూ తిప్పి, కిటికీ సందులోంచి వంటింట్లోకి తెచ్చారు. ఆ తరవాత మేడ మీద అత్తగారి గదిలో మరొకటి. ప్యారలల్ కనెక్షను అనేవాళ్ళు దీన్ని. సెల్‌ఫోన్లు వచ్చాక వంటింటి ఫోను తీసేశాం. ఫోను తీశాం గాని తీగ తియ్యలేదు. ఎవరు తీస్తారు చెప్పండి? రంగులు వేసేవాళ్ళు దాని మీంచే వేసుకుంటూ పోయారు. ఈ తీగను గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మన దేశంలో టెలిఫోను తీగ మీద బ్రాడ్‌బ్యాండు ఇంటింటికీ రావడం 2005లో మొదలయింది. ఆ రోజుల్లో సెకనుకి 256 కిలోబిట్లు వస్తే దాన్నే బ్రాడ్‌బ్యాండు అనమని ప్రభుత్వం 2004లో నిర్ణయించింది. 2013లో దాన్ని 512 చేశారు, 2023లో 2 మెగాబిట్లు చేశారు. మా ఇంట్లో 2008లో పెట్టించాం. మోడెమ్ ఎక్కడ పెట్టాలి అంటే, చదువుకునే పిల్ల మేడ మీద కదా అని, అత్తగారి గదికి వెళ్ళిన తీగనే ఇంకాస్త పొడిగించి పిల్ల గదిలో పెట్టించాం. అంటే వీధిలోంచి వచ్చిన తీగకు ఇంటి మొత్తంలో ఎంత దూరం వీలైతే అంత దూరంలో పెట్టామన్నమాట. మెయిలు చూసుకోవడానికి, రైలు టిక్కెట్టు తీసుకోవడానికి అది చాలింది. తప్పు చేశామని ఎవరికీ అనిపించలేదు.

2020లో అందరూ ఇళ్ళల్లోనే వుండిపోయారు. మా అమ్మాయి ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. ఆగస్టులో ఒక కంపెనీవాళ్ళు కంప్యూటరు మీదే ఇంటర్వ్యూ పెట్టారు. ఇంట్లో టీవీ కట్టేశాం, మావారు సెల్‌ఫోను ఆపేశారు, నేను మిక్సీ ముట్టుకోలేదు. పది నిమిషాలు బాగానే జరిగింది. ఆ తరవాత దీని మాట ముక్కలు ముక్కలుగా వెళ్తోందని అవతలివాళ్ళు అన్నారు. వాళ్ళ ముఖాలు మాకు చక్కగా కనిపిస్తున్నాయి, దీని బొమ్మ మాత్రం వాళ్ళ దగ్గర నోరు తెరుచుకుని బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే హాల్లో ల్యాండుఫోను మోగింది. నెట్టు మొత్తం పోయింది. తిరిగి వచ్చేసరికి వాళ్ళు ఇంకో అభ్యర్థి దగ్గరికి వెళ్ళిపోయారు. మళ్ళీ పిలుస్తామన్నారు, పిలవలేదు. ఆ రాత్రి అది అన్నం తినలేదు. ఎవరినీ ఏమీ అనలేదు కూడా. అనుంటే బాగుండేదనిపించింది నాకు.

ఫిర్యాదు చేశాం. ఒకసారి కాదు, మూడుసార్లు. వాళ్ళు తమ వైపునుంచి పరీక్ష చేసి "మీ గడప దాకా లైను బాగానే వుందండీ" అన్నారు. అందరూ చెప్పే మాటేలే అనుకున్నాం. అది నిజమేనని తరవాత తేలింది.

ఇంగ్లండులో లెస్టర్‌లో వుండే మా అక్కకొడుకు ఫోనులో ఈ గొడవంతా విని, "పిన్నీ, సాకెట్టు విప్పి బెల్ వైరు పీకెయ్యి, దెబ్బకి బాగుపడుతుంది" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. బ్రిటన్‌లో పాత ఇళ్ళల్లో ఫోను గంట కొట్టించడానికని రెండు తీగలతోపాటు మూడోది ఒకటి గదిగదికీ వెళ్తుంది. అది జత లేని ఒంటి తీగ కావడంచేత గాలిలోని రొదనంతా పోగుచేసి తక్కిన రెండింటి మీదా రుద్దుతుంది. దాన్ని విప్పేస్తే అక్కడివాళ్ళకి వేగం పెరుగుతుంది. సరేనని నేనూ మా అమ్మాయీ స్క్రూడ్రైవరు పట్టుకుని హాల్లో డబ్బా విప్పాం. లోపల చూస్తే మూడో తీగ లేదు. జతలు జతలుగా చాలా వున్నాయి, అన్నీ రెండే మరల కింద కుక్కి వున్నాయి. మన దేశపు ఫోనుకి గంటకైనా మాటకైనా ఆ రెండు తీగలే. ఏదో ఒకటి పీకి చూద్దామా అని చెయ్యి పెట్టబోయాను కూడాను. మా అమ్మాయి ఆపింది.

మా సందు చివర టెలిఫోను లైన్‌మాన్‌గా చేసి రిటైరయిన ఆయన వున్నారు. మాస్కు కట్టుకుని వచ్చి, లోపలికి రాకుండా వరండాలోంచే చూశారు. "ఏటమ్మా, తీగకి జబ్బేటీ లేదు. మజ్జిలో ముడేసీసినోలు ఎవులు?" అన్నారు. ముడి వేసింది మా మరిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరిని ఎలా ఊడ్చేసిందో నేను చెప్పక్కర్లేదు. ఆ గాలికి వరండాలో తీగ తెగితే మా మరిది రెండు కొసలూ మెలిపెట్టి నల్ల టేపు చుట్టాడు. ఫోను పలికింది, అందరం మెచ్చుకున్నాం. ఆరేళ్ళ తరవాత ఆ టేపు విప్పితే లోపల రాగి లేదు, పచ్చటి పొడి వుంది.

సముద్రపు ఊళ్ళో కాపురమున్న మనకి ఇది కొత్త కాదు. కిటికీ ఊచలకి ఏడాదికోసారి రంగు వేయించకపోతే ఏమవుతుందో తెలుసు. గాలిలోని ఉప్పుతేమ ఇనుముని తుప్పు పట్టిస్తుంది, రాగికి పచ్చచిలుం పట్టిస్తుంది. ఒన్‌టౌను వైపు ఇళ్ళల్లో అయితే దానికి తోడు పోర్టునుంచి వచ్చే బొగ్గు ధూళి ఒకటి. చిలుం పట్టిన ముడిలో కరెంటు సాఫీగా పోదు. ఫోను లైనులో మామూలుగా వుండేది 48 వోల్టులు. గంట మోగేటప్పుడు దానిమీద ఇంకో 75 నుంచి 90 వోల్టుల దాకా వచ్చిపడుతుంది. ఆ దెబ్బకి పాడు ముడి ఒక్కసారి అటూ ఇటూ అవుతుంది, మోడెమ్‌కి పట్టు తప్పుతుంది. ఫోను మోగితే నెట్టు పోయే ఇళ్ళల్లో అనుమానించవలసిన వాటిల్లో ఇదొకటి. రెండోది, ఆ ఫోనుకి ఫిల్టరు లేకపోవడం. దాని సంగతి తరవాత చెబుతాను.

ఇంతకీ ఒక్క జత తీగ మీద మాటా, ఇంటర్నెట్టూ రెండూ ఎలా వస్తాయంటారా? వీణలో మంద్రస్థాయి, తారస్థాయి వున్నట్టే అనుకోండి. మన మాటకి ఫోనులో సెకనుకి 300 నుంచి 3,400 కంపనాలు చాలు. ఇంటర్నెట్టు దానికి బాగా పైన, దగ్గరదగ్గర 25 వేల కంపనాలనుంచి మొదలై 22 లక్షల దాకా పోతుంది. మన చెవికి అందనంత ఎత్తు. మోడెమ్ ఈ మేర అంతటినీ 512 అరలుగా విడగొట్టుకుంటుంది. ఓడలో అరల మాదిరిగానే. ప్రతి అరనీ పరీక్షించి, రొద లేనిదాంట్లో ఎక్కువ సరుకూ, రొద వున్నదాంట్లో తక్కువ సరుకూ వేస్తుంది. మరీ పాడైపోయిన అరని ఖాళీగా వదిలేస్తుంది. మనకొచ్చే వేగం అంటే ఎన్ని అరలు నిండాయన్నదే. అంచేత లైను చచ్చిపోదు, ఫోనూ బాగానే పలుకుతుంది, వేగం మాత్రం పడిపోతుంది. మనం కనిపెట్టలేకపోయేది అందుకే.

పైపెచ్చు ఈ అరల్లో మన ఇంటినుంచి బయటికి వెళ్ళేందుకు ఇచ్చినవి బహు కొద్ది. వచ్చే వేగం పది మెగాబిట్లున్నా వెళ్ళే వేగం ఒకటి దాటడం కష్టం. సినిమా చూడడానికి ఇది తెలియదు. ఇంటర్వ్యూలో మన ముఖం అవతలికి వెళ్ళవలసింది మాత్రం ఈ ఇరుకు సందులోంచే. వాళ్ళు మాకు చక్కగా కనిపిస్తూ వుండగా మా పిల్ల ఎందుకు బిగుసుకుపోయిందో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు వంటింటి తీగ సంగతి. చివర ఏ ఫోనూ లేకుండా గోడలో వేలాడే తీగ ఏం చేస్తుందిలే అనుకుంటాం. బీచి రోడ్డు మీద నిలబడి రాళ్ళని కొట్టుకునే అలలు చూడండి. రాళ్ళకి తగిలిన అల వెనక్కి వస్తుంది, వచ్చే అలకి ఎదురుపడుతుంది, రెండూ కలిసినచోట కొన్ని చోట్ల నీరు ఎగిసి, కొన్ని చోట్ల చదునైపోతుంది. మూసుకుపోయిన తీగలో కూడా అంతే. సంకేతం చివరి దాకా వెళ్ళి, దారి లేక తిరిగొచ్చి, అసలు సంకేతాన్ని కొన్ని అరల్లో చదును చేసేస్తుంది. లెక్క కట్టి చెప్పాలంటే, 25 మీటర్ల మొండి తీగ సుమారు 20 లక్షల కంపనాల చుట్టుపక్కల అరలని మింగుతుంది. 50 మీటర్లయితే 10 లక్షల దగ్గరవి. ఇల్లు చుట్టి వచ్చిన తీగ పాతిక మీటర్లుండడం ఏం వింత? నేను పోపు కోసం వేయించుకున్న తీగే పిల్ల ఇంటర్వ్యూకి అడ్డుపడిందంటే మొదట నమ్మబుద్ధి కాలేదు.

అది చేసే పని ఇంకొకటి వుంది. వీధిలో టెలిఫోను కేబులులో ప్రతి జతనీ జడలా మెలితిప్పి వుంచుతారు. బయటి రొద రెండు తీగల మీదా సమానంగా పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుందని. ఇంట్లో వేసే చదునైన తీగకి ఆ మెలిక వుండదు. అది ఏరియల్ అయి కూర్చుంటుంది. మా చిన్నప్పుడు రేడియో కోసం డాబా మీద ఈ కొసనుంచి ఆ కొసకి ఏరియల్ తీగ కట్టేవారు చూడండి, అచ్చం అలాగే. రేడియోలో మీడియం వేవు అనేది సుమారు 5 లక్షల 30 వేలనుంచి 16 లక్షల కంపనాల దాకా వుంటుంది, అంటే మన ఇంటర్నెట్టు అరల నడిమధ్యన. ఇక మిక్సీ మోటారులో నిప్పురవ్వలు రేగుతుంటాయి, ఆ రొద కూడా ఈ తీగ పట్టుకుంటుంది. "మీరు పచ్చడి రుబ్బితే నా క్లాసు ఆగిపోతోందమ్మా" అని మా అమ్మాయి ఎన్నోసార్లు అంటే నేను కోప్పడ్డాను. పాపం, అది చెప్పింది నిజమే.

మరి మేం ఏం చేశామో చెబుతాను. మీ ఇంట్లో ఇంకా రాగి తీగే వుంటే మీరూ ఇదే వరసలో చూడండి.

మొట్టమొదట చెవితో పరీక్ష. రిసీవరు ఎత్తి ఏదో ఒక అంకె నొక్కండి. డయలుటోను ఆగిపోయి కొద్ది క్షణాలు నిశ్శబ్దంగా వుండాలి. ఆ నిశ్శబ్దంలో నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తే ఎక్కడో ముడి పాడయిందన్నమాట.

అసలు పరీక్ష తరవాతిది. ఇంట్లో ఫోనులన్నీ ఊడదీసి, మోడెమ్‌ని చంకన పెట్టుకుని వీధిలోంచి తీగ వచ్చిన మొదటి డబ్బా దగ్గరికి తీసుకుపోండి. ఇంటి లోపలికి పోయే జతలన్నీ విప్పి పక్కన పెట్టి, వచ్చిన జత ఒక్కటే మర కింద వుంచి, దానికి మోడెమ్ తగిలించండి. విప్పేముందు ఏది ఎక్కడుందో సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసుకోవడం మరిచిపోవద్దు. మోడెమ్ సొంత పేజీ ఒకటి వుంటుంది. చాలావాటికి 192.168.1.1 అని కొడితే వస్తుంది. అందులో రెండు అంకెలు చూడాలి. అటెన్యుయేషను అనేది ఎక్స్ఛేంజీనుంచి మన ఇంటికి వచ్చేలోగా సంకేతం ఎంత నీరసించిందో చెబుతుంది. ఎక్కువగా దూరాన్నిబట్టి వుంటుంది గనక దానికి మనం చెయ్యగలిగింది పెద్దగా లేదు. నాయిస్ మార్జిన్ అనేది రొదకన్నా సంకేతం ఎంత పైనుందో చెబుతుంది. అది 6కి తక్కువైతే లైను తెగిపోతూ వుంటుంది, పదీ పైన వుంటే నిశ్చింత.

మా ఇంట్లో పిల్ల గదిలో చూసినప్పుడు వచ్చే వేగం 3.4 మెగాబిట్లు, వెళ్ళేది 0.3, మార్జిన్ 5. అదే మోడెమ్, అదే రోజు, మొదటి డబ్బా దగ్గర పెట్టి, వరండాలో ముడి తీసేసి చూస్తే వచ్చేది 9.8, వెళ్ళేది 0.8, మార్జిన్ 11. మేం డబ్బు కట్టింది 10కి. అంటే గడప దాకా అంతా వస్తూనే వుంది. మేఘాద్రిగెడ్డ నీళ్ళు వీధి కుళాయి దాకా ధారగా వచ్చి, మన ఇంట్లో తుప్పు గొట్టాల్లో చుక్కలయినట్టు, మూడింట రెండు వంతులు మా గోడల్లోనే పోయింది. ఒకవేళ ఆ మొదటి డబ్బా దగ్గర కూడా వేగం లేకపోతే, అప్పుడు ఫిర్యాదు చెయ్యండి. "నా మొదటి పాయింటు దగ్గరే మార్జిన్ ఇంత వుంది" అని అంకె చెప్పి చేసే ఫిర్యాదుకి వుండే బరువు, ఉత్తినే విసుక్కోవడానికి వుండదు. మీ ఇంటికి వచ్చే దాకా తీగ, స్తంభం, బయటి డీపీ డబ్బా వాళ్ళవి. వాటిని మాత్రం మీరు ముట్టుకోవద్దు.

పచ్చగా అయిన రాగిని ఏం చెయ్యాలి? రాగి చెంబులా చింతపండు పెట్టి తోమితే పోతుంది కదా అని నాకూ తోచింది. బాబాయ్ గారిని అడిగితే నవ్వారు. పులుపు, తడి సందుల్లో మిగిలిపోయి ఇంకా తొందరగా తినేస్తుందిట. ఎర్రటి రాగి కనిపించే దాకా అంగుళమో రెండంగుళాలో కోసిపారేసి, కొత్త కొసని మర కింద గట్టిగా బిగించాలి. నడిమధ్య ముడి వుండనే కూడదు. తీగ పొట్టిదైపోతే ముక్క అతకకుండా మొత్తం కొత్త తీగ వేసుకోవడమే నయం. చేతులు తడిగా వున్నప్పుడూ, ఉరుములు మెరుపులు వున్నప్పుడూ ఈ పనికి దిగవద్దు. గంట మోగేటప్పుడు బోసి తీగ చేతికి తగిలితే బాగానే కొడుతుంది. పని చేస్తున్నంతసేపూ ల్యాండుఫోనుకి ఎవరినీ చెయ్యవద్దని చుట్టాలకి చెప్పి మరీ మొదలుపెట్టాం.

ఇక్కడ మా ఇంట్లో చిన్న రభస జరిగింది. మేడ మీద ఫోను తీసేస్తామంటే మా అత్తగారు ఒప్పుకోలేదు. అనకాపల్లిలో వున్న వాళ్ళ చెల్లెలు రోజూ సాయంత్రం ఆరింటికి ఆ ఫోనుకే చేస్తారు. ఇద్దరికీ సెల్‌ఫోను చెవికి ఆనదు. "నెట్టు కోసం నా నోరు కట్టేస్తారా?" అన్నారు ఆవిడ. ఆవిడ మాటలో న్యాయం వుంది. అదృష్టవశాత్తూ ఆ ఫోను తియ్యక్కర్లేదు. స్ప్లిట్టర్ అని అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి మోడెమ్‌తో ఇస్తారు. దానికి ఒక వైపు లైన్ అనీ, రెండో వైపు ఫోన్, మోడెమ్ అనీ మూడు కన్నాలు. అందరూ దాన్ని మోడెమ్ పక్కన తగిలిస్తారు, మేమూ అలాగే చేశాం. అలా చేస్తే దానికి ముందున్న ఫోనులకి వడపోత లేనట్టే. దాన్ని మొదటి డబ్బా దగ్గరే పెట్టి, ఇంట్లోకి పోయే ఫోను తీగలన్నీ దాని ఫోన్ కన్నానికి కలపాలి. స్ప్లిట్టర్ పై కంపనాలని అటు పోనివ్వదు గనక, ఆ తీగలు ఎంత పొడుగున్నా, ఎన్ని ఫోనులున్నా మోడెమ్‌కి వాటి ఊసే వుండదు. అత్తగారి ఫోను అలాగే వుంది, ఆరింటి గంటా అలాగే మోగింది. వంటింటి తీగ మాత్రం మొత్తం లాగేశాం. టేపుతో కొలిస్తే 27 మీటర్లు.

మోడెమ్ కిందనే వుండిపోతే మేడ మీద పిల్ల మాటేమిటి? పొడిగించవలసింది ఫోను తీగని కాదు, కంప్యూటరు తీగని. మోడెమ్‌నుంచి కంప్యూటరుకి వెళ్ళే ల్యాన్ తీగలో ఎనిమిది పోగులు నాలుగు మెలికలుగా వుంటాయి, వంద మీటర్ల దాకా వేగం తగ్గకుండా మోస్తుంది. మెట్ల పక్కగా ఒకటి లాగి పిల్ల బల్ల దాకా తీసుకుపోయాం. కరెంటు వైర్లు పోయే పట్టీలో దాన్ని దూర్చకుండా విడిగా వేయించండి.

ఉక్కునగరం క్వార్టర్సులో వుండే మా చెల్లెలికి ఫోను చేసి ఇదంతా గొప్పగా చెబితే, "మాకు తలుపు పక్కన ఒకటే పాయింటు అక్కా, ఇంకోటి వేయించుకోవడానికి బద్ధకించాం" అంది. దాని నెట్టు ఏనాడూ ఆగలేదట.

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో రాగి పోయి గాజు వచ్చేసింది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగింది. తక్కిన సంస్థలూ ఫైబరు ఇస్తున్నాయి. మా ఇంటికి 2022లో వచ్చింది. దీనికి ఉప్పుగాలి బెడద లేదు, మిక్సీ బెడద లేదు, ఎందుకంటే అందులో పోయేది వెలుతురు. అయినా గడప దాటాక పాడుచేసుకునే అవకాశం మనకి ఇక్కడా వుంది. వెలుతురు పోయే ఆ గాజు పోగు లావు 9 మైక్రాన్లు, తలవెంట్రుకలో దాదాపు ఎనిమిదో వంతు. తీగని బీరువా వెనక నొక్కేసినా, కర్టెను కడ్డీకి మడిచి కట్టినా, మేకు కొట్టినా ఆ వంపులోంచి వెలుతురు కారిపోతుంది. చుట్ట చుట్టాలంటే కాఫీ సాసరంత వెడల్పుగా చుట్టండి. డబ్బా మీద ఎర్ర దీపం మిణుకుమంటే వెలుతురు అందడం లేదని గుర్తు. ఊడిన కొసని కంటి దగ్గర పెట్టుకుని చూడకండి, పిల్లల్ని చూడనివ్వకండి. అందులో వచ్చేది లేజరు, కంటికి కనిపించదు. కొసలకి పచ్చ రంగువీ నీలం రంగువీ వుంటాయి. పచ్చదాన్ని పచ్చదానికే పెట్టాలి, రెండింటి చివరి కోత వేరు.

ఫైబరు డబ్బాకి ఫోను కన్నం కూడా వుంటుంది. ఇంట్లో పాత ఫోను తీగలని దానికి కలిపి, మేడ మీద ఫోను మోగించుకోవచ్చు. అయితే దానికి ముందు వీధిలోంచి వచ్చే పాత రాగి జతని డబ్బాలో పూర్తిగా విప్పెయ్యాలి. లేకపోతే బయటి వోల్టేజీ వచ్చి కొత్త డబ్బాని కాల్చేసే ప్రమాదం వుంది. ఇంకో మాట. మీరు 200 మెగాబిట్లకి డబ్బు కడుతున్నా కంప్యూటరు ఎప్పుడు కొలిచినా 95 దగ్గరే ఆగిపోతోందా? అయితే ల్యాన్ తీగని చూడండి. ఏ తలుపు కిందో నలిగి నాలుగు మెలికల్లో ఒకటి తెగినా అది వందకి దిగిపోయి నడుస్తుంది. తీగ మార్చి చూసి, అప్పుడు కంపెనీవాళ్ళ మీద విసుక్కోండి.

ఫైబరు వేయడానికి వచ్చిన కుర్రాడు "డబ్బా ఎక్కడ పెట్టమంటారండీ?" అని మావారిని అడిగాడు. మావారు మేడ వైపు చూపించబోతే మా అమ్మాయి హాల్లో తలుపు పక్కన గోడ చూపించింది. అది అప్పటికే ఉద్యోగం చేస్తోంది. 2021 జనవరిలో వేరే కంపెనీలో వచ్చింది, కిందనుంచి లాగిన ఆ ల్యాన్ తీగ మీదే మాట్లాడింది. మొదటి కంపెనీ పేరు మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ ఎవరం ఎత్తం. వంటింట్లోంచి లాగిన ఇరవయ్యేడు మీటర్ల తీగతో మా అత్తగారు పెరట్లో చిక్కుడు పాదుకి పందిరి కట్టించారు.